కార్డు వచ్చింది, డిస్కు పోయింది

కిందటి నెల డ్రైయర్ వెంట్ గురించి రాశాక ఒకావిడ నవ్వుతూ అడిగారు, "మీ ఇంట్లో మెకానిక్ అనేవాడు గుమ్మం తొక్కడా?" అని. తొక్కుతాడండీ. కాకపోతే ఇక్కడ ఒహాయోలో మనిషి వచ్చి వస్తువు ముఖం చూసినందుకే వంద డాలర్లు చదివించుకోవాలి. అందుకని ముందు నేను చూస్తాను. ఈసారి అలా చూడబోయి నాలుగు రోజులు అన్నం సహించని పరిస్థితి తెచ్చుకున్నాను. అదే ఈ నెల కబురు.

మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉంది. 2020లో అందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు మా ఆయన విడిభాగాలు తెప్పించి బిగించింది. ఇప్పుడు ఆయనకు ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి ఆ పెట్టె నా సొంతమైంది. లోపల రెండు డిస్కులు. విండోస్ ఉన్నది చిన్న ఎస్ఎస్‌డీ. రెండోది గిరగిరా తిరిగే పాత రకం హార్డ్ డిస్క్. ఆ రెండోదాంట్లో మా నాన్న ఉన్నారు.

అంటే ఆయన వీడియోలు. నాన్న తెనాలి దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మాయికి కథలు చెప్పేవారు. కథ మధ్యలో ఆపి, నిమ్మకాయకు రాగి తీగా, ఇనుప మేకూ గుచ్చి కరెంటు పుట్టించి చూపించేవారు. నేను అవన్నీ రికార్డు చేసేదాన్ని. ఆయన పోయి మూడేళ్లు. రికార్డింగులు దాదాపు 70 గంటలు. వచ్చే నెల ఆబ్దికానికి వాటిలోంచి అరగంట ఏరి పంపిస్తానని అమ్మకు మాటిచ్చాను.

తీరా మొదలుపెడితే, ఎడిటింగ్ ప్రోగ్రాం రెండు నిమిషాలు నడిచి మూడో నిమిషంలో మూసుకుపోతోంది. పాత గ్రాఫిక్స్ కార్డుకి మెమరీ 2 జీబీయే. థాంక్స్‌గివింగ్ సేల్‌లో 12 జీబీ కార్డు ఒకటి తెప్పించాం. "నువ్వు దాని జోలికి వెళ్లకు, శనివారం నేను చూస్తా" అన్నారు మా ఆయన. అలా శనివారాలు అయిదు గడిచాయి. ప్రతి శనివారం ఆయనకు ఏదో ఒక ప్రొడక్షన్ సపోర్ట్. జనవరి మొదటి వారంలో పిల్లని బడికి పంపి, స్క్రూడ్రైవర్ నేనే తీశాను.

తెలియకుండా దిగలేదు లెండి. ముందు కరెంటు లెక్క చూసుకున్నాను. ఈ కార్డు 170 వాట్లు తాగుతుంది. మదర్‌బోర్డు స్లాట్ తనంతట తాను ఇవ్వగలిగింది 75 వాట్లు. మిగతాది పవర్ సప్లై నుంచి వచ్చే విడి తీగ ఇవ్వాలి, 8 పిన్నుల ప్లగ్గయితే 150 దాకా ఇస్తుంది. మా పవర్ సప్లై 650 వాట్లది, చాలు. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. 8 పిన్నుల ప్లగ్గులు రెండు రకాలుంటాయి. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరూ రెండుగా విడిపోతుంది. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయిగానీ 12 వోల్టుల తీగలూ గ్రౌండ్ తీగలూ రెండింట్లో తారుమారుగా ఉంటాయి. ఏదైనా దూరకపోతే బలవంతాన నొక్కకండి.

ఇంకో భయం స్టాటిక్. చలికాలం హీటర్ వేసి వేసి ఇంట్లో గాలి అప్పడంలా ఎండిపోతుంది కదా, కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే టప్పుమంటుంది. అందుకని పెట్టెను వంటింటి టైల్స్ మీదికి మోసుకొచ్చాను. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ అయిదారు సెకన్లు నొక్కి పట్టుకుని, పెట్టె లోపలి ఇనుప రేకును ముట్టుకుంటూ పని చేశాను. పాత కార్డు చివరన ఉండే చిన్న క్లిప్పు నొక్కి, దాన్ని మెల్లగా పైకి తీశాను. అంతవరకూ బాగానే ఉంది.

కొత్త కార్డు మూరెడు పొడవుంది. పై స్లాట్‌లో పెట్టబోతే దాని తోక వెళ్లి హార్డ్ డిస్క్ అరకి తగులుతోంది. డిస్కును ఒక అర కిందికి మార్చితే సరిపోతుంది, నాలుగు స్క్రూల పని. కానీ ఆ డిస్కును కదపడానికి నాకు చెయ్యి రాలేదు. అందులో ఉన్నది ఎవరో తెలుసు కదా. దాన్నలా ఉండనిద్దాం అనుకుని, కింద అలాంటిదే ఇంకో పొడుగు స్లాట్ ఖాళీగా కనిపిస్తే కార్డును అందులో పెట్టేశాను. అంత సుళువుగా దిగినందుకు సంతోషించాను కూడా.

ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది. ఇది కంగారు పడాల్సిన విషయం కాదు. మానిటర్ తీగ అలవాటుకొద్దీ మదర్‌బోర్డుకి గుచ్చాను, అది కార్డుకి గుచ్చాలి. గుచ్చగానే బొమ్మ వచ్చింది. స్పీకర్లు మూగబోయాయి. కొత్త కార్డు తనతోపాటు ఒక ఆడియో పరికరాన్ని కూడా వెంటబెట్టుకొస్తుంది, విండోస్ శబ్దాన్ని అటు పంపించేస్తుంది. సౌండ్ సెట్టింగుల్లో మళ్లీ స్పీకర్లు ఎంచుకున్నాను. పాత కార్డు డ్రైవర్ని సేఫ్ మోడ్‌లో పూర్తిగా తుడిచేసి కొత్తది వేశాను. పదకొండయ్యేసరికి అన్నీ అయిపోయాయి. కాఫీ కలుపుకొచ్చి, ఎడిటింగ్ ప్రోగ్రాం తెరిచాను.

ప్రతి క్లిప్పు మీదా ఎర్ర గళ్లు. ఫైలు దొరకడం లేదట. ఫోల్డర్ తెరుద్దామని చూస్తే డి డ్రైవే లేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత చిన్నప్పటినుంచీ విన్నదే. దాని రుచి అప్పుడు తెలిసింది. రెండో కాపీ లేదా అని అడుగుతారేమో, లేదు. క్లౌడ్‌లో పెడదామని రెండేళ్లుగా అనుకుంటూ ఉన్నాను. ఆ సాయంత్రం ఒక డేటా రికవరీ షాపుకి ఫోన్ చేస్తే, డిస్కు తెరిచి చూడ్డానికే కొన్ని వందల డాలర్లు, దొరుకుతాయన్న హామీ మాత్రం లేదన్నారు. స్టాటిక్ నా చేతిలోంచే పోయి డిస్కును కాల్చేసిందేమోనని రాత్రంతా అదే ఆలోచన.

మా ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "సరే, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దాం, డిస్కు దానంతటదే కనిపిస్తుంది" అన్నారు. అది ఆఫీసు అలవాటు, ఏది రాకపోయినా మొదలంటా తుడిచి మళ్లీ మొదలుపెట్టడం. వద్దన్నాను. ఎందుకు పోయిందో తెలియకుండా ఇంకో పని చేస్తే, ఏ పని వల్ల ఏది జరిగిందో ఇక ఎప్పటికీ తెలియదు. "మీరు పడుకోండి, రేపు నేను చూసుకుంటా" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, ఆయన మళ్లీ మాట్లాడలేదు.

మర్నాడు అమ్మాయి పాత నోటుబుక్ ఒకటి తీసుకుని మూడు గళ్లు గీశాను. ప్రయోగం, పరిశీలన, అనుమితి. బీఎస్సీలో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకి ఆ గళ్లు గుర్తుండే ఉంటాయి. పరీక్షనాళికలో ఒకసారి ఒకే ద్రావణం పోయాలి, రంగు చూడాలి, రాయాలి, ఆ తర్వాతే రెండోది. తొందరపడి రెండూ కలిపి పోస్తే ల్యాబ్‌లో మేడమ్ ఆ నాళికను సింకులో వంపేసేవారు.

మొదటి రోజు తప్పుదారిలో పోయింది. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని ఒక పట్టిక ఉంటుంది, అందులో 'కాన్‌ఫ్లిక్ట్స్/షేరింగ్' అని ఒక పేజీ. తెరిచేసరికి వరసలకు వరసలు. కొత్త కార్డు పేరు కూడా అందులో ఉంది. దొంగ దొరికాడనుకున్నాను.

మా బాబాయి తొంభైల్లో తెనాలిలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. సౌండ్ కార్డు పెడితే ప్రింటర్ ఆగిపోయేదని కథలుగా చెప్పేవాడు. అప్పట్లో పరికరాలు ప్రాసెసర్‌ని పిలవడానికి గంటలుండేవి, మొత్తం 16, 0 నుంచి 15 దాకా. 0 గడియారానిది, 1 కీబోర్డుది, 14 హార్డ్ డిస్కుది, ఇలా పంచగా మిగిలినవి కొన్నే. 7 ప్రింటర్‌ది. సౌండ్ కార్డూ 7నే పట్టుకుంటే, గంట మోగినప్పుడు పిలిచింది ఎవరో తెలియక మొత్తం బిగుసుకుపోయేది. కార్డు మీది చిన్న జంపర్ పీకి ఇంకో నంబర్ మీద గుచ్చి, మళ్లీ ఆన్ చేసి, దండం పెట్టుకునేవాళ్లట. విండోస్ 95తో వచ్చిన ప్లగ్ అండ్ ప్లే ఆ బాధ చాలావరకు తీర్చింది. పీసీఐ స్లాట్లలో ఒకే గంటను ఇద్దరు పంచుకునే పద్ధతి వచ్చింది. ఇప్పటి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో అయితే గంటకు విడిగా తీగే లేదు, అవసరమైన పరికరం సందేశం పంపుతుంది. అందుకని ఆ పేజీలో కనిపించేవి చాలావరకు తగాదాలు కావు, కాపురాలు. సాయంత్రం దాకా చదివితేగానీ ఇది నాకు ఎక్కలేదు.

నిజంగా ఆ రకం తగాదా అయితే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడి, దాని మీద నొక్కితే కోడ్ 12 అని చూపిస్తుంది. పరికరానికి కావలసిన చోటు దొరకలేదని దానర్థం. బయోస్‌లో 'ఎబవ్ 4జీ డీకోడింగ్' అనేది ఆన్ చేస్తే చాలాసార్లు తీరుతుంది. నాకు పసుపు గుర్తే లేదు. కార్డు తన మానాన తను హాయిగా ఉంది. డిస్కు మాత్రం లేదు.

రెండో రోజు బుద్ధి తెచ్చుకుని, విండోస్ కంటే ముందు మేలుకునేది ఏదని ఆలోచించాను. బయోస్. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి అందులోకి వెళ్లాను. సాటా పోర్టుల పట్టికలో 1 దగ్గర ఎస్ఎస్‌డీ పేరుంది. హార్డ్ డిస్క్ తీగ వెళ్లేది 5కి. అక్కడ 'ఖాళీ' అని ఉంది. బయోస్‌కి కనిపించి విండోస్‌కి కనిపించకపోతే అది డ్రైవర్ గొడవో, డ్రైవ్ అక్షరం గొడవో అయ్యుండేది. బయోస్‌కే కనిపించడం లేదంటే విండోస్‌ని ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఏం లాభం? మా ఆయనకు ఇది చూపించి గెలిచినట్టు నిలబడాలనిపించింది. కానీ డిస్కు పోయి ఉంటే ఆ గెలుపు ఏం చేసుకోను?

తర్వాతి ప్రయోగం చెయ్యి. ఆన్‌లో ఉండగా డిస్కు పక్క మీద వేళ్లు ఆనించాను. సన్నగా వణుకుతోంది. తిరుగుతోందన్నమాట! కరెంటు అందుతోంది. కట కట శబ్దం లేదు. అయితే డేటా తీగ. తీగ మార్చాను, అప్పటికీ ఖాళీయే. నోటుబుక్‌లో రాశాను: తీగ దోషం కాదు.

అప్పటికి అమ్మాయి బడి నుంచి వచ్చింది. "అమ్మా, తాత దొరికారా?" అంది. లేదంటే, టార్చి తెచ్చి నా పక్కన కూర్చుంది.

మూడో రోజు కొత్త కార్డు తీసేసి, పాతది పై స్లాట్‌లో ఎక్కడిదక్కడ పెట్టాను. ఇంకేం మార్చలేదు. ఆన్ చేశాను. 5 దగ్గర డిస్కు పేరు వచ్చింది.

వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత చేసిన పని మాత్రం మంచి పని. కారణం కోసం ఇంకో అడుగు వేయలేదు. మా ఆయనకు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు 2 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెమ్మన్నాను. ఆయన మీటింగు మధ్యలోంచి లేచి వెళ్లి తెచ్చారు. ఆ రాత్రి ఫోల్డర్లన్నీ కాపీ అయ్యేదాకా ఇద్దరం మేలుకుని ఉన్నాం. కాపీ అయినవాటిలో అక్కడొకటి ఇక్కడొకటి తెరిచి, నడుస్తున్నాయో లేదో చూశాం. నిమ్మకాయ వీడియో నడిచింది. మా ఆయన చూస్తూ, "మామయ్యగారు మేకు గుచ్చేటప్పుడు ఎప్పుడూ ఊఁ అంటారేంటి?" అన్నారు. నేనది అంతకుముందు గమనించలేదు.

నాలుగో రోజు భయం లేకుండా కూర్చున్నాను. మళ్లీ కొత్త కార్డు కింది స్లాట్‌లో, డిస్కు మాయం. తీగను 5 నుంచి 3కి మార్చాను, డిస్కు వచ్చింది! కార్డూ ఉంది, డిస్కూ ఉంది. తప్పు కార్డుది కాదు, డిస్కుది కాదు, 5 అనే గుమ్మానిది. మదర్‌బోర్డు మాన్యువల్ నెట్‌లోంచి దించి, స్లాట్ల పట్టిక వెతికాను. పట్టిక కింద చుక్క గుర్తు పెట్టి, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం: కింది పొడుగు స్లాట్‌లో కార్డు పెడితే 5, 6 సాటా పోర్టులు పనిచేయవు.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మా ఊళ్లో పిల్లకాలువ మీద రెండు చేలకు కలిపి ఒకే తూము ఉండేది. పై చేనుకి నీళ్లు మళ్లిస్తే కింది చేనుకి చుక్క రాదు. చేలు రెండూ మంచివే, కాలువలో నీళ్లూ ఉన్నాయి. ఉన్నది ఒకే తూము, అంతే. కంప్యూటర్‌లోనూ డేటా పారే కాలువలుంటాయి, వాటిని లేన్లు అంటారు. ప్రాసెసర్ నుంచి 16 లేన్లు నేరుగా పై స్లాట్‌కి వెళ్తాయి. మిగతా స్లాట్లు, సాటా పోర్టులు, యూఎస్‌బీలు చాలావరకు చిప్‌సెట్ దగ్గరున్న లేన్లనే సర్దుకోవాలి. అవి అందరికీ చాలవు కాబట్టి బోర్డు చేసేవాళ్లు కొన్నిచోట్ల రెండింటికీ ఒకే దారి వేస్తారు. ఒకటి వాడితే రెండోది మూసుకుపోతుంది. మా బోర్డులో అలా జత కలిపింది కింది స్లాట్‌నీ, 5, 6 పోర్టులనీ. చాలా బోర్డుల్లో ఎం.2 ఎస్ఎస్‌డీకీ ఇలాంటి పేచీయే ఉంటుంది. కొత్తది పెట్టగానే పాత డిస్కు మాయమైతే ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి.

ఇంతకీ జరిగిందేమిటంటే, నాన్న డిస్కును కదపకూడదని కార్డును కిందికి పంపాను, అలా పంపడం వల్లే డిస్కు తెగిపోయింది. కదిపి ఉంటే ఏమీ అయ్యేది కాదు. మాన్యువల్ పేజీ మా ఆయనకు చూపిస్తే, "అయిదేళ్ల కింద బిగించింది నేనే, ఈ సంగతి నాకే తెలియదు" అన్నారు. తీగ 5కే ఎందుకు పెట్టారని అడిగితే, "అది దగ్గరగా ఉంది" అన్నారు.

ఆదివారం ఆయన టార్చి పట్టుకున్నారు. నేను డిస్కు స్క్రూలు నాలుగూ విప్పి, ఒక అర కిందికి మార్చి, కార్డును పై స్లాట్‌లో పెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో చూస్తే బస్ దగ్గర 16 లేన్లు చూపించింది. కింది స్లాట్‌లో ఉన్నప్పుడు అక్కడ 4 అని ఉండేది. చూడ్డానికి పొడుగు స్లాటే గానీ లోపల వేసింది నాలుగు లేన్లే. అంటే డిస్కు మాయం కాకపోయినా, కొన్న కార్డు పూర్తి పని చేసేది కాదు, నాకు తెలిసేదీ కాదు.

మీరెవరైనా ఈ పనికి దిగేటట్లయితే రెండు విషయాలు. ఈ రోజుల్లో విండోస్ చాలా కంప్యూటర్లలో డిస్కుకి తనంతట తానే బిట్‌లాకర్ తాళం వేస్తుంది. బయోస్‌లో సెట్టింగులు మార్చితే ఆ తాళం 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసుకోండి. రెండోది, మాయమైన డిస్కు మళ్లీ కనిపించినప్పుడు విండోస్ 'ఇనిషియలైజ్ చేయమంటారా', 'ఫార్మాట్ చేయమంటారా' అని మర్యాదగా అడుగుతుంది ఒక్కోసారి. అవునని నొక్కకండి. ఆ మర్యాదకు పోతే ఉన్నవన్నీ పోగొట్టుకోవాల్సి వస్తుంది. ఇక కాపీ సంగతి నేను చెప్పాలా? ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఇప్పుడు మా పప్పుల అలమరలో పై అరలో ఉంది. ఇంకో కాపీ తెనాలికి పంపాలి.

వీడియో మొదటి పది నిమిషాలు కూర్చి అమ్మకు పంపాను. ప్రతి కాల్ మొదట్లో నాన్న ఫోన్‌ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని, "వినపడుతోందా? ఆఁ? వినపడుతోందా?" అంటారు. అవన్నీ కత్తిరించేశాను, కథ తిన్నగా మొదలవ్వాలని. అమ్మ చూసి ఫోన్ చేసింది. "బాగుందే. కానీ వినపడుతోందా అని అడుగుతారుగా, అవెందుకు తీసేశావు?" అంది.

మళ్లీ కూర్చున్నాను. మొత్తం 112 కాల్స్. అన్ని 'వినపడుతోందా'లూ వరసగా పెడితే దాదాపు నాలుగు నిమిషాలు వచ్చాయి. వాటినే మొదట పెట్టాను.